జీహెచ్‌ఎంసీ పనికి మొదటిసారి టెండర్ వేస్తున్నారా? రిజిస్ట్రేషన్ నుంచి చివరి డిపాజిట్ దాకా

నగరంలో చిన్న చిన్న సివిల్ పనులు చేసుకునే మేస్త్రీలు, సబ్ కాంట్రాక్టులు చేసి చేసి సొంతంగా పని పట్టాలనుకునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "ఎంత లెస్ వేస్తే పని వస్తది?" లెస్ అంటే అంచనా కంటే ఎంత శాతం తక్కువకు చేస్తామో అది. ఆ ప్రశ్న అడగాల్సిందే, కానీ అన్నిటికన్నా చివర్లో. ముందు కాగితం చదవాలి, తర్వాత సైటు చూడాలి, ఆ తర్వాత మీ చేతిలో డబ్బు ఎన్ని నెలలు నిలబడగలదో లెక్కేసుకోవాలి. ఈ మూడూ చేయకుండా లెస్ వేసినవాళ్ల వల్లే గల్లీ రోడ్లు ఏడాదికే పెచ్చులు లేస్తున్నాయి, మంచి మేస్త్రీలు అప్పుల పాలవుతున్నారు. అందుకే పని పుట్టిన చోటి నుంచి మీ చివరి రూపాయి మీకు తిరిగొచ్చే దాకా వరుసగా చెబుతాను.

పని ఎక్కడ పుడుతుంది

మీకు కనిపించేది టెండర్ నోటీసు. దానికి ముందే ఆఫీసులో చాలా నడుస్తుంది. బస్తీ నుంచి దరఖాస్తు పోతుంది, లేదా వార్డు స్థాయిలో అవసరం గుర్తిస్తారు. అసిస్టెంట్ ఇంజనీర్ వచ్చి కొలతలు తీసి అంచనా వేస్తారు. అంచనాలోని రేట్లు ఎవరికి తోచినట్టు వేసేవి కావు, ప్రభుత్వం ప్రకటించే స్టాండర్డ్ షెడ్యూల్ ఆఫ్ రేట్స్ నుంచి వస్తాయి. మన భాషలో ఎస్‌ఎస్‌ఆర్. ఇసుక, కంకర ఎంత దూరం నుంచి తేవాలో లెక్కగట్టే లీడ్ స్టేట్‌మెంట్ కూడా అందులో కలుస్తుంది. తర్వాత డబ్బుకు పరిపాలనా అనుమతి, డిజైన్‌కు, అంచనాకు సాంకేతిక అనుమతి వస్తాయి. విలువ పెరిగేకొద్దీ ఫైలు పై మెట్టుకు పోతుంది: కమిషనర్, స్టాండింగ్ కమిటీ, కౌన్సిల్, ఆ పైన ప్రభుత్వం.

ఇదంతా మీకెందుకంటే, నోటీసులో ఈసీవీ అని కనిపించే అంచనా కాంట్రాక్టు విలువ ఈ దారిలోనే తయారవుతుంది. అంచనా వేసిన నాటి ఎస్‌ఎస్‌ఆర్ ఏ సంవత్సరానిదో చూడండి. అది పాతదై, ఈలోపు సిమెంటు, స్టీలు ధరలు పెరిగి ఉంటే, అంచనాకు సరిగ్గా వేసినా మీకు నష్టమే.

రిజిస్ట్రేషన్, డిజిటల్ సంతకం

సివిల్ కాంట్రాక్టర్లకు స్పెషల్ క్లాసు, ఆ కింద ఒకటి నుంచి ఐదు దాకా క్లాసులు ఉంటాయి. ఏ క్లాసువాళ్లు ఎంత విలువ దాకా పని చేయొచ్చో పరిమితి ఉంటుంది. మొదటిసారి వచ్చేవాళ్లు కింది క్లాసులో మొదలుపెట్టడమే మంచిది, అనుభవం పెరిగేకొద్దీ పైకి వెళ్లొచ్చు. పాన్, జీఎస్టీ రిజిస్ట్రేషన్, బ్యాంకు సాల్వెన్సీ (మీ ఆర్థిక స్థోమతకు బ్యాంకు ఇచ్చే పత్రం), చేసిన పనుల అనుభవ పత్రాలు, పైక్లాసులకైతే ఇంజనీర్లు, యంత్రాలు ఉన్నట్టు ఆధారాలు కావాలి. ప్రైవేటు బిల్డర్ దగ్గర చేసిన పనికి ఇచ్చే సర్టిఫికెట్‌ను అన్ని టెండర్లలో ఒప్పుకోరు. ప్రభుత్వ శాఖలో చిన్న పనైనా ఒకటి మీ పేరు మీద పూర్తి చేసి, ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్ సంతకంతో సర్టిఫికెట్ తెచ్చుకుంటే అది ఏళ్ల తరబడి పనికొస్తుంది.

టెండర్లన్నీ తెలంగాణ ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లోనే నడుస్తాయి. ఉమ్మడి రాష్ట్రం 2003లోనే ఈ పద్ధతి మొదలుపెట్టింది. అంతకు ముందు టెండర్ పెట్టె దగ్గర మనుషుల్ని అడ్డుపెట్టి షెడ్యూలు వేయనివ్వకపోవడం జరిగేది. ఇప్పుడు మీ ఇంట్లో కూర్చుని వేయొచ్చు. దానికి క్లాస్-3 డిజిటల్ సిగ్నేచర్ కావాలి. 2021 నుంచి క్లాస్-2 ఇవ్వడం లేదు. సంతకానికీ, ఎన్‌క్రిప్షన్‌కూ (మీ రేటు ఇంకొకరు చదవకుండా తాళం వేయడానికి) రెండూ ఉన్న టోకెన్ తీసుకోండి.

ఆ టోకెన్, దాని పాస్‌వర్డ్ నెట్ సెంటర్ వాడి దగ్గర వదిలేసి రాకండి. మీ రేటు ఎంతో మీకంటే ముందు ఇంకొకరికి తెలిసే దారి అదే.

నోటీసులో ముందు ఏం చూడాలి

పోర్టల్‌లో నోటీసు తెరవగానే కళ్లు ఈసీవీ మీదికి పోతాయి. ముందు ఇవి చూడండి: ఏ సర్కిలు, ఏ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్ ఆఫీసు, ఆఖరి తేదీ, సమయం, పని పూర్తి చేయాల్సిన గడువు, ఏ క్లాసు కాంట్రాక్టర్లకు, అది ఎస్సీ, ఎస్టీలకు రిజర్వ్ చేసిన పనా కాదా. సర్కిళ్ల హద్దులు ఈమధ్య మారాయి, కాబట్టి ఊహించుకోకుండా నోటీసులో ఉన్న ఆఫీసుకే వెళ్లండి. ఆఖరి రోజు దాకా కొరిజెండం, అంటే నోటీసుకు సవరణ, వస్తూనే ఉండొచ్చు. తేదీ మారడం ఒక్కటే కాదు, ఒక్కోసారి ఐటం పరిమాణాలే మారిపోతాయి. పాత బీవోక్యూ (ఐటంల, పరిమాణాల పట్టిక) చూసి రేటు వేస్తే, ఆనక ఎవరికి చెప్పుకున్నా వినరు.

కొంచెం పెద్ద పనులకు బిడ్ కెపాసిటీ, అంటే ఇంకా ఎంత విలువ పని మోయగలరో, అడుగుతారు. లెక్క ఇదీ: గత ఐదేళ్లలో ఏ ఒక్క ఏడాదైనా మీరు చేసిన పనుల్లో అత్యధిక విలువ తీసుకుని, దాన్ని రెండుతో, పని గడువు ఎన్నేళ్లో ఆ సంఖ్యతో గుణించి, ఇప్పటికే మీ చేతిలో ఉన్న పనుల విలువ తీసేస్తారు. ఉదాహరణకు అత్యధికం 40 లక్షలు, గడువు ఏడాది, చేతిలో 30 లక్షల పని మిగిలి ఉంటే మీ కెపాసిటీ 50 లక్షలు. చేతిలో ఉన్న పని దాచిపెట్టి ఎక్కువ చూపించే సలహా మీకు ఎవరో ఒకరు ఇస్తారు. తప్పుడు డిక్లరేషన్ బయటపడితే ఈఎండీ (టెండర్‌తో పాటు కట్టే డిపాజిట్) పోతుంది, బ్లాక్‌లిస్టులో పడతారు. ఆ మచ్చ ఒక్క కార్పొరేషన్‌తో ఆగదు.

టెండర్ డాక్యుమెంటులో అందరూ దాటేసే పేజీలు షరతులవి. వాటిలో నాలుగు విషయాలు ఎర్ర పెన్నుతో గీసుకోండి: ఈసీవీలో జీఎస్టీ కలిసి ఉందా విడిగా ఇస్తారా, ధరలు పెరిగితే సర్దుబాటు ఉందా లేదా, గడువు దాటితే జరిమానా ఎంత, డిఫెక్ట్ లయబిలిటీ (పని అయ్యాక లోపాలు వస్తే మీరే బాగుచేయాల్సిన కాలం) ఎన్నాళ్లు. ప్రభుత్వ వర్క్స్ కాంట్రాక్టుల మీద జీఎస్టీ 2022 జులై నుంచి 12 శాతం కాస్తా 18 శాతం అయింది. ఆ తేడా ఎవరి మీద పడుతుందో చదవని వాళ్లు అప్పట్లో చాలా దెబ్బతిన్నారు.

సైటుకు వెళ్లండి, ఒక్కరే వెళ్లకండి

నా దృష్టిలో మొత్తం పనిలో అసలు మెట్టు ఇదే. మీ మేస్త్రీని వెంట తీసుకెళ్లండి. టేపు పట్టుకుని నడవండి.

బస్తీలో 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం సీసీ రోడ్డు అనుకోండి. కాగితం మీద 45 ఘనమీటర్ల కాంక్రీటు. 6 ఘనమీటర్లు పట్టే ట్రాన్సిట్ మిక్సర్‌తో ఎనిమిది ట్రిప్పులు. తీరా సైటుకు వెళ్తే గల్లీ మొదట్లోనే కరెంటు స్తంభం, పక్కన మెట్లు ముందుకు పొడుచుకొచ్చిన ఇల్లు. మేస్త్రీ చూడగానే అంటాడు: "అన్నా, ఈ గల్లీల మిక్సర్ రాదు. మెయిన్ రోడ్డు మీద ఆపి బండ్ల మీద మోయాలె. కూలీ డబుల్ అయితది." ఎస్‌ఎస్‌ఆర్ రేటులో ఆ డబుల్ కూలీ లేదు. పైగా మిక్సర్‌ను అంతసేపు ఆపితే ప్లాంటువాళ్లు వెయిటింగ్ చార్జీ అడుగుతారు, కాంక్రీటు బిగుసుకుపోయే ప్రమాదమూ ఉంది.

నేల కూడా చూడాలి. పాత షాబాదు బండలు తీసిన తర్వాత మట్టి ఎగుడుదిగుడుగా ఉంటే, సరిగా రోల్ చేయకుండా కాంక్రీటు పోస్తే సగటున 2 సెంటీమీటర్లు ఎక్కువ పడుతుంది. 2 సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది. 300 చదరపు మీటర్ల మీద అది 6 ఘనమీటర్లు, అంటే సరిగ్గా ఒక మిక్సర్. డ్రాయింగులో 15 సెంటీమీటర్లే ఉంది కాబట్టి కొలత పుస్తకంలో ఆ బండెడు కాంక్రీటు ఎక్కదు. అది మీ జేబులోంచే.

ఇంకా గమనించాల్సినవి: మంచినీళ్ల పైపు ఎక్కడైనా కారుతోందా, మ్యాన్‌హోళ్లు కొత్త రోడ్డు మట్టానికి లేపాలా. అవి జలమండలివి, స్తంభాలు విద్యుత్ సంస్థవి, ట్రాఫిక్ మళ్లించాలంటే పోలీసు అనుమతి. వీటిలో ఏది మీ బాధ్యత, ఏది ఆఫీసు చేయించి ఇస్తుంది అన్నది టెండర్‌కు ముందే రాతపూర్వకంగా అడగండి. పగటిపూట భారీ వాహనాల మీద ఆంక్షలున్న రోడ్లు ఉంటే కంకర, డెబ్రిస్ రాత్రే కదలాలి. తవ్విన డెబ్రిస్ ఖాళీ స్థలంలోనో చెరువు ఒడ్డునో పారబోయడానికి వీల్లేదు. జీడిమెట్ల, ఫతుల్లగూడలో కూల్చివేత వ్యర్థాల ప్లాంట్లు ఉన్నాయి. అక్కడిదాకా కిరాయి లెక్కలో పెట్టుకోండి. గడువు వినాయక చవితి, బోనాల మధ్య పడుతుంటే మండపాలు ఎక్కడ వేస్తారో బస్తీ పెద్దల్ని అడిగి తెలుసుకోండి.

ఇళ్ల పనులైతే

కొత్తగా డబుల్ బెడ్‌రూం కాలనీలు కట్టడం పెద్ద కంపెనీల పని. కొల్లూరులో ఒక్కచోటే 15,660 ఇళ్లు కట్టారు, అలాంటి ప్యాకేజీకి మన క్లాసు సరిపోదు. కట్టిన ఇళ్లలో మరమ్మతులు, వాటర్‌ప్రూఫింగ్, డ్రైనేజీ లైన్లు, కమ్యూనిటీ హాళ్లు మాత్రం చిన్నవాళ్లకు అందే పనులే. వీటిలో చిక్కు ఏంటంటే, ఇళ్లల్లో మనుషులు ఉంటారు. బాత్రూం పగలగొడితే ఆ కుటుంబం ఆ రోజు ఎక్కడికి పోవాలి? ఒక వింగ్ నీళ్లు ఆపితే ఎంతసేపు ఆపొచ్చు? అంచనాలో ఖాళీ ఇంటి లెక్కే ఉంటుంది. కాబట్టి రోజుకు ఎన్ని ఇళ్లు చేయగలరో వాస్తవంగా వేసుకుని, కూలీ రోజులు పెంచి లెక్కించండి.

సర్వీసు టెండర్లు

పార్కుల నిర్వహణ, శానిటేషన్ మనుషుల సరఫరా, పూడికతీత వంటివి వేరే లెక్క. ఇక్కడ ఖర్చంతా జీతాలే. నోటిఫై చేసిన కనీస వేతనం మీద పీఎఫ్‌లో యజమాని వాటా చార్జీలతో కలిపి 13 శాతం, ఈఎస్‌ఐ 3.25 శాతం. అంటే ప్రతి వంద రూపాయల జీతానికి 16 రూపాయల పావలా పైన పడుతుంది. తర్వాత యూనిఫాం, చేతి తొడుగులు, సెలవు రోజుల బదిలీ మనిషి. ఈ మొత్తం కంటే తక్కువకు ఎవరైనా కోట్ చేశారంటే ఆ డబ్బు ఎవరో ఒక కార్మికుడి జీతంలోంచి తీస్తారని అర్థం. అలాంటి పోటీలో ఓడిపోతే బాధపడకండి.

పూడికతీత పని తీసుకుంటే ఒక్క విషయంలో రాజీ పడకండి. మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దింపొద్దు. 2013 చట్టం రక్షణ పరికరాలు లేకుండా మురుగు కాలువల్లోకి మనుషుల్ని దింపి శుభ్రం చేయించడాన్ని నిషేధించింది. 2023లో సుప్రీంకోర్టు అలా చనిపోయినవారి కుటుంబానికి పరిహారం 30 లక్షలకు పెంచింది. జెట్టింగ్ మెషిన్ (నీటి ఒత్తిడితో పూడిక తీసే యంత్రం) కిరాయి మీ రేటులో లేకపోతే ఆ టెండర్ వేయకండి.

ఇప్పుడు లెస్ గురించి

మన దగ్గర చాలా పనులకు పర్సంటేజీ టెండరే. మొత్తం అంచనా మీద ఇంత శాతం లెస్, ఇంత ఎక్సెస్ (ఎక్కువ), లేదా ఎట్ పార్ (సరిగ్గా అంచనాకే). ఎక్సెస్ సాధారణంగా 5 శాతం దాటితే ఒప్పుకోరు. లెస్ 25 శాతం దాటితే అదనపు సెక్యూరిటీ కట్టాలి.

20 లక్షల పని తీసుకుందాం. టెండర్‌తో పాటు ఒక శాతం ఈఎండీ, 20 వేలు. పని వస్తే అగ్రిమెంటు నాడు ఇంకో ఒకటిన్నర శాతం, 30 వేలు. మీరు 10 శాతం లెస్ వేశారనుకోండి, పని విలువ 18 లక్షలు. బిల్లులో ఏడున్నర శాతం రిటెన్షన్‌గా, అంటే తర్వాత తిరిగిచ్చే డిపాజిట్‌గా, పట్టుకుంటే 1,35,000. ఆదాయపు పన్ను టీడీఎస్ వ్యక్తికైతే ఒక శాతం, 18 వేలు. సంస్థకైతే రెండు శాతం. జీఎస్టీ టీడీఎస్ రెండు శాతం, 36 వేలు. భవన నిర్మాణ కార్మికుల సెస్ ఒక శాతం, 18 వేలు. అంటే పని మొత్తం బాగా జరిగినా 2,07,000 మీ చేతికి రాదు, ముందే కట్టిన 50 వేలు అక్కడే ఉంటాయి. ఇవి కాక కంకర, ఇసుక మీద సీనరేజ్ (ఖనిజాలకు ప్రభుత్వం తీసుకునే రుసుము), న్యాక్ (నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్) వాటా. టీడీఎస్‌లు రిటర్నుల్లో సర్దుబాటు అవుతాయి, డిపాజిట్లు గడువు తీరాక వస్తాయి, సెస్ మాత్రం తిరిగి రాదు. ఈ శాతాలు మీ డాక్యుమెంటులో ఎలా ఉన్నాయో ఒకసారి సరిచూసుకోండి.

ఇప్పుడు పోటీ చూసి 27 శాతం లెస్ వేశారనుకోండి. పని విలువ 14,60,000. అంచనాలో 75 శాతం అంటే 15 లక్షలు కాబట్టి తేడా 40 వేలు అదనపు సెక్యూరిటీ. పైన చెప్పిన కోతలన్నీ ఈ తగ్గిన మొత్తం మీదే పడతాయి. మీ మెటీరియల్ మాత్రం ఒక్క రూపాయి కూడా తగ్గదు. ఇక తగ్గించడానికి మిగిలేది సిమెంటే. అప్పుడు మీరు రోడ్డు వేయడం లేదు, బస్తీవాళ్లకు గుంతలు వేస్తున్నారు.

అందుకే నేను చెప్పే పద్ధతి ఇది. బీవోక్యూలో ప్రతి ఐటంకు మీ సొంత ఖర్చు రాయండి. సైటులో చూసిన అదనాలు కలపండి. బిల్లు ఆరు నెలలు ఆలస్యమైతే వడ్డీ ఎంతో కలపండి, ఎందుకంటే బిల్లు ఏ నెలలో వస్తుందో పని మొదలుపెట్టే రోజున ఎవరూ మాట ఇవ్వలేరు. మీ లాభం కలపండి. వచ్చిన మొత్తాన్ని ఈసీవీతో పోల్చితే మీ శాతం తేలుతుంది. అది రెండు శాతం లెస్ అని తేలితే రెండే వేయండి. పక్కవాడు ఇరవై వేస్తున్నాడని తెలిసినా సరే.

ఈ దశలో ఫోన్లు కూడా వస్తాయి. "ఈసారికి వదిలెయ్ అన్నా, వచ్చే పని నీకే" అంటారు. దీన్నే రింగు అంటాం. 2002 పోటీ చట్టం ప్రకారం టెండర్లలో ఇలా కుమ్మక్కవడం నిషేధం, భారీ జరిమానా ఉంది. రింగులో ఒకసారి చేరితే తర్వాత ఏ పని మీది, ఏది కాదు అన్నది మీ చేతిలో ఉండదు.

పని వచ్చాక

టెక్నికల్ బిడ్‌లో పాసైనవాళ్ల ప్రైస్ బిడ్‌లే తెరుస్తారు, ఎల్-1, అంటే అందరికన్నా తక్కువ వేసినవాళ్లు, ఎవరో పోర్టల్‌లోనే కనిపిస్తుంది. మీరు కాకపోతే ఈఎండీ వాపసు వచ్చిందా లేదా చూసుకోండి. మిమ్మల్ని టెక్నికల్‌లో ఎందుకు తీసేశారో చెప్పకపోతే, ముందు ఆ ఆఫీసుకు లెటర్ రాయండి. జవాబు లేకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో అడగొచ్చు, 30 రోజుల్లో చెప్పాలి.

మీరే ఎల్-1 అయితే లెటర్ ఆఫ్ యాక్సెప్టెన్స్ వచ్చాక గడువులోపు అగ్రిమెంటు చేసుకోవాలి. సైటు అప్పగించిన తేదీ రాతలో తీసుకోండి. గడువు ఆ రోజు నుంచే లెక్క.

మొదటి రోజే బారికేడ్లు, రాత్రి మెరిసే స్టిక్కర్లు, సమాచార బోర్డు పెట్టండి. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్ కలాసీగూడలో వానలో, తెరిచి ఉన్న డ్రైనేజీలో పడి ఒక చిన్నపాప ప్రాణం పోయింది. తవ్విన గుంతకు ఆ రాత్రి మూత వేయలేకపోతే ఆ రోజు తవ్వకం ఆపేయండి.

కాంక్రీటు పోసిన రోజు బలం పరీక్షకు క్యూబులు (అచ్చుల్లో పోసే ఘనపు దిమ్మెలు) తీయించండి. 45 ఘనమీటర్లకు భారత ప్రమాణం ప్రకారం కనీసం నాలుగు శాంపిళ్లు, ఒక్కోదానికి మూడు క్యూబులు. తేదీ, గ్రేడు తడి మీదే రాయండి. 28 రోజుల ఫలితం లేకుండా క్వాలిటీ కంట్రోల్‌వాళ్లు బిల్లు దాటనివ్వరు. 14 రోజులు మడులు కట్టి నీళ్లు నిలపండి. బస్తీలో ఎవరైనా "ఎప్పుడు తీస్తరు ఈ నీళ్లు?" అని గొడవపడితే ఓపికగా చెప్పండి, రోడ్డు వాళ్లదే.

అన్నిటికన్నా ముఖ్యం ఎం-బుక్, అంటే కొలత పుస్తకం. అసిస్టెంట్ ఇంజనీర్ కొలతలు రాస్తారు, పై అధికారులు చెక్ మెజర్‌మెంట్ చేస్తారు. కప్పబడిపోయే పని, అంటే తవ్వకం లోతు, కింద వేసిన బెడ్, పైపు మట్టం, కప్పకముందే కొలిపించి, టేపు కనపడేలా ఫొటో తీసి పెట్టుకోండి. కొలత రాయకుండా కప్పేసిన పనికి బిల్లు ఉండదు. అంచనాలో లేని పని చేయమని సైటులో నోటితో చెబితే మర్యాదగా అనండి: "చేస్తం సార్, ఒక లెటర్ ఇప్పించండి."

పని అయిన రోజునే కంప్లీషన్ సర్టిఫికెట్‌కు అర్జీ పెట్టండి. అందులోని తేదీ నుంచే డిఫెక్ట్ లయబిలిటీ మొదలవుతుంది. ఆ కాలంలో పగులు వస్తే నోటీసు వచ్చేదాకా ఆగకుండా బాగుచేసి, ఫొటోతో ఆఫీసుకు లెటర్ ఇచ్చి రసీదు తీసుకోండి. గడువు తీరిన తేదీ ఫోన్‌లో అలారం పెట్టుకుని, ఆ వారంలోనే ఈఎండీ, రిటెన్షన్ వాపసుకు అర్జీ ఇవ్వండి. దానితో అగ్రిమెంటు నకలు, కంప్లీషన్ సర్టిఫికెట్, చివరి బిల్లు వివరం జతచేయండి. ఇంజనీర్లు బదిలీ అవుతుంటారు, పాత ఫైళ్లు కదలవు. అర్జీ నకలు మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ ముద్ర వేయించుకోనిదే కౌంటర్ దగ్గర్నుంచి కదలకండి.